తోడికోడళ్ళు లేచిన రోజు

పెద్దకోడలికి డెబ్బై దాటాయి. ఆవిణ్ణి కోడలిగా ఇంటికి తెచ్చుకున్న అత్తగారు పోయి ఎన్నేళ్ళయిందో చెప్పగలిగినవాళ్ళు కూడా పోయారు. అయినా ఆ వీధిలో అందరికీ ఆవిడ పెద్దకోడలే. వీధి మలుపులో ఆవిడకి చిన్న దుకాణం ఉంది. "పళ్ళు కట్టబడును" అని బోర్డు. కొత్తవాళ్ళెవరైనా ఆ బోర్డు సగం చదివి లోపలికొచ్చి ద్రాక్ష ఉందా అని అడిగితే, "ఉంది, నమలడానికి ముందు ఇవి పెట్టుకోండి" అని కట్టుడు పళ్ళ సెట్టు తీసి బల్ల మీద పెట్టేది. భర్త నేర్పిన పని అది. ఆయన పోయాక ఒక్కతే చేసుకొస్తోంది. ఆవిడ కట్టిన పళ్ళతో చెరుకు నమిలినవాళ్ళున్నారు, కోర్టులో వాదించినవాళ్ళున్నారు, రెండో పెళ్ళి చేసుకున్నవాళ్ళున్నారు.

అదే వీధికి ఆ చివర తలుపులకీ కిటికీలకీ తెరలు కుట్టే దుకాణం ఉంది. అది చిన్నకోడలిది, అంటే పెద్దకోడలి మరిది భార్యది. ఇద్దరూ ఒకే వీధిలో, ఒకే చర్చిలో ఉంటూ కూడా పెద్దకోడలి భర్త పోయిన రోజు నుంచీ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చర్చిలో ఒకరు ఈ చివర కూర్చుంటే మరొకరు ఆ చివర. మధ్యలో ఉన్న జనం వాళ్ళిద్దరికీ గోడ.

ఆ గొడవ సంగతి ముందే చెప్పుకోవాలి. పెద్దకోడలి భర్త పని బల్ల దగ్గర కూర్చుని, ఒక పెద్దమనిషి పై వరస పళ్ళకి మెరుగు పెడుతూ పెడుతూ ఒరిగిపోయాడు. ఉన్నపళంగా పోయాడు. సమాధి కార్యక్రమం రోజున చర్చి నిండా పూలు. పెద్దకోడలికి ఏడుపు రాలేదు. రాకపోతే పోయె, తుమ్ములొచ్చాయి. ఆ పూల వాసన పడక, శవపేటిక పక్కనే నిలబడి తుమ్మిన తుమ్ము తుమ్మకుండా తుమ్మింది. అటు చిన్నకోడలు మాత్రం కళ్ళూ ముక్కూ ఏకమయ్యేలా ఏడ్చింది. ఏడుస్తూ పాట పాడింది. పాడుతూ ఏడ్చింది. ఆ ఏడుపుకి కొయ్య బెంచీలు కూడా కరిగిపోయేలా ఉన్నాయి. ఊరి నుంచొచ్చిన ఎవరో పెద్దాయన తిన్నగా వెళ్ళి చిన్నకోడలి చేతులు పట్టుకుని, "మీవారు దేవుడమ్మా, మీరు గుండె దిటవు చేసుకోవాలి" అన్నాడు. ఆ తర్వాత పెద్దకోడలి వైపు తిరిగి, "మీరు ఇంటికెళ్ళి వేడి నీళ్ళు తాగండి" అన్నాడు.

అంతే. మొగుడు పోయింది తనకి, ఓదార్పు పోయింది దానికి. పెద్దకోడలు ఆ మాటని కడుపులో పెట్టుకుంది. చిన్నకోడలి భర్త పోయినప్పుడు కూడా వెళ్ళింది గాని, గేటు బయట నిలబడి తిరిగొచ్చేసింది.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున్నే సమాధుల తోట కాపలాదారు దుకాణానికొచ్చాడు. నడుముకి ఎప్పుడూ తాళాల గుత్తి వేలాడుతూ ఉంటుంది కాబట్టి అందరూ ఆయన్ని తాళాలాయన అంటారు.

"అమ్మా, మీ కుటుంబం వరసలో నేల కుంగుతోంది. మీ ఇద్దరి చోట్లకీ లోపల ఇటుకలు పేర్చిస్తున్నాం. మోకాలి లోతు తవ్వించాను. ఒకసారి వచ్చి చూసుకోండి" అన్నాడు.

"మా ఇద్దరి చోట్లు అంటే?"

"మీదీ, చిన్నకోడలమ్మదీ. ఆ చివర మీవారు, ఈ చివర వాళ్ళాయన. మధ్యలో మీరిద్దరూ. పక్కపక్కనే."

పెద్దకోడలి చేతిలో ఉన్న మైనం ముద్ద చెయ్యి జారి కింద పడింది. వరసలో తమ ఇద్దరి సమాధుల కోసం ముందే ఉంచిన రెండు చోట్లున్నాయని ఆవిడకి తెలుసు. కాని ఏది ఎవరి పక్కన వస్తుందో ఇన్నాళ్ళూ తట్టనే లేదు. మర్నాడు పొద్దున్నే పాస్టరుగారింటికి బయల్దేరింది.

పాస్టరుగారు కుర్రాడు. ఆ చర్చికి కొత్తగా వచ్చాడు. పెద్దవాళ్ళు ఏమడిగినా ఓపిగ్గా చెప్పాలనే పట్టుదల ఉన్నవాడు. పెద్దకోడలు కుర్చీలో కూర్చుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టింది.

"అయ్యగారూ, లోకాంతం రోజున బూర మోగుతుంది, సమాధుల్లో ఉన్నవాళ్ళందరితో పాటు నేనూ లేస్తాను. అంతవరకు నాకే అభ్యంతరమూ లేదు. లేచి కుడివైపు తిరిగితే మావారుంటారు. బాగానే ఉంది. ఎడమవైపు తిరిగితే ఎవరుంటారు?"

"ఎవరుంటారమ్మా?"

"అదుంటుంది."

తోడికోడళ్ళ గొడవ సంగతి పాస్టరుగారికి వచ్చిన వారంలోనే చెవిన పడింది. "అమ్మా, ఆ రోజున ఇలాంటివేవీ ఉండవు. ప్రభువు అన్నిటినీ కొత్తగా చేస్తాడు. అసలు మీకు ఆవిడ మీద కోపమే ఉండదు."

"ఉండదంటే? ఎవరు తీసేస్తారు?"

"ప్రభువే తీసేస్తాడు."

"నన్నడక్కుండానా?"

ఈ ప్రశ్న పాస్టరుగారికి చదువుకున్నచోట ఎవరూ వెయ్యలేదు. "మీకు ఆ కోపంతోనే లేవాలనుందా అమ్మా?" అన్నాడు మెల్లిగా.

పెద్దకోడలు ఆలోచించింది. "మొత్తం అక్కర్లేదండీ. కొంచెమైనా ఉంచాలి కదా. ఇన్నేళ్ళు పోషించుకున్నాను. అదీ లేకపోతే, లేచింది నేనేనని నాకెలా తెలుస్తుంది?"

పాస్టరుగారు నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి ఆగిపోయాడు. ఆవిడ వేళాకోళానికి అనలేదు. నిజంగానే భయపడుతోంది.

"ఒక మాట చెప్పనా అమ్మా? మీరు లేవడం ఎప్పుడో మొదలైంది. బాప్తిస్మం రోజున నీళ్ళలో మునిగారు కదా. అక్కడ పాత మనిషి క్రీస్తుతో పాటు సమాధైపోయింది. నీళ్ళలోంచి పైకొచ్చింది కొత్త మనిషి. చివరి రోజున లేవబోయేది కూడా ఆ కొత్త మనిషే. దానికోసం అంతవరకూ ఆగక్కర్లేదు."

"నేను లేచానా?"

"లేచారమ్మా."

"నాకెవరూ చెప్పలేదే!" అంది పెద్దకోడలు. "ఆ నీళ్ళకి నాకు జలుబు చేసింది. అది తప్ప ఇంకేమీ గుర్తులేదు."

అక్కడ పని జరిగేలా కనపడలేదు. తిన్నగా సమాధుల తోటకి నడిచింది. తాళాలాయన మొక్కలకి నీళ్ళు పెడుతున్నాడు. నా చోటు మార్చమని అడిగింది.

"ఖాళీ ఎక్కడుందమ్మా? కుళాయి పక్కన ఒక్కటుంది."

"మావారు ఇక్కడా, నేను కుళాయి దగ్గరా? ఆ మనిషి లేచి నన్నెక్కడ వెతుక్కుంటాడు?"

"పోనీ మీరు తిరగబడి పడుకోండి. అందరికీ తల అటు, మీకు తల ఇటు. ఆవిడ ముఖం మీకు కనపడదు."

"ప్రభువొచ్చేది తూర్పు నుంచి, అందరూ తూర్పు ముఖంగా లేస్తారు. నేనొక్కదాన్నీ ప్రభువుకి వీపు పెట్టి లేవనా?"

"లేచాక తిరగొచ్చు కదమ్మా."

"ఆయన వచ్చే క్షణంలో నేను చుట్టూ తిరుగుతూ కూర్చోనా?"

తాళాలాయన నీళ్ళ గొట్టం కింద పెట్టాడు. మంచి మనిషి, విసుక్కోలేదు. "అయితే మధ్యలో అడ్డుగోడ కట్టిస్తానమ్మా. ఒక వరస ఇటుక. కాకపోతే చోటు కాస్త ఇరుకవుతుంది. సరిపోతుందో లేదో పడుకుని చూసుకోండి. చెప్పులు కొనేటప్పుడు తొడుక్కుని చూడమా? నేను గేటు తియ్యాలి, ఇవాళ ఒక శవం వస్తోంది" అని తాళాలు గలగలలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

పెద్దకోడలు అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. తవ్విన మట్టి చుట్టూ గట్టులా పోసి ఉంది. చెప్పులు విప్పి, చేతిసంచీ తల కింద పెట్టుకుని, ఆ మోకాలి లోతు గోతిలోకి దిగి వెల్లకిలా పడుకుంది. అనుకున్నంత ఇరుగ్గా లేదు. మట్టి చల్లగా, వీపుకి హాయిగా ఉంది. పైన ఆకాశం నలుచదరంగా కనపడింది. కుడిపక్కన భర్త ఉన్నాడన్న ఊహకి నెమ్మదిగా కళ్ళు మూతలు పడ్డాయి.

"అక్కా!"

ఆ కేకకి ఆవిడ ఉలిక్కిపడింది గాని వెంటనే కళ్ళు తెరవలేదు. ఎందుకంటే ఆ గొంతు చిన్నకోడలిది. మెళ్ళో కొలత టేపు వేసుకుని, తన చోటు కొలుచుకుందామని వచ్చిన చిన్నకోడలు, గోతిలో కదలకుండా పడి ఉన్న తోడికోడల్ని చూసి పోయిందనే అనుకుంది. "అక్కా! అయ్యో అక్కా! ఇక్కడిదాకా నడిచొచ్చి పోయావా!" అంటూ లబోదిబోమని పక్క గోతిలోకి దిగి, దిగడంలో కాలు జారి కూలబడింది.

పెద్దకోడలు ఒక కన్ను తెరిచింది. "అరవకు. పోలేదు."

చిన్నకోడలు నోరు మూసుకుంది. ముందు ఊపిరి పీల్చుకుంది, తర్వాత ముఖం ముడుచుకుంది. "పోకపోతే మరి ఇలా పడుకోవడం దేనికి?"

"నా చోటు నేను చూసుకుంటున్నాను. నీకెందుకు?"

"అయితే నా చోటు నేనూ చూసుకుంటాను" అని చిన్నకోడలు కూడా టేపు సవరించుకుని పంతంగా వెల్లకిలా పడుకుంది.

ఇద్దరి మధ్యా జానెడు మట్టి కట్ట. ఆ కట్టకి అటూ ఇటూ ఇద్దరూ ఆకాశం వైపు చూస్తూ పడుకున్నారు. ఎవరు ముందు లేస్తే వాళ్ళు ఓడినట్టని ఇద్దరికీ తోచింది. చివరికి పెద్దకోడలికే ముందు నడుం పట్టేసింది. లేవబోయింది. లేవలేకపోయింది. మోచేతుల మీద కొంచెం పైకి లేచి మళ్ళీ వాలిపోయింది. మోకాళ్ళు మొరాయించాయి.

"ఏంటి, లేవవా?" అంది చిన్నకోడలు.

"నువ్వు లే, చూద్దాం."

చిన్నకోడలు ప్రయత్నించింది. బోర్లా తిరగబోయింది, సగం తిరిగి ఇరుక్కుపోయింది, ఆయాసపడుతూ మళ్ళీ మొదటికొచ్చింది. ఇద్దరికీ సంగతి అర్థమైంది. దిగేటప్పుడు ఉన్న పంతం ఎక్కేటప్పుడు సాయానికి రాలేదు.

"తాళాలాయన్ని పిలువు" అంది పెద్దకోడలు.

పిలిచేలోపే గేటు వైపు నుంచి పాట వినపడింది. గొడుగులు బాగుచేసే ఆయన పోయాడు, ఆయన్ని తీసుకొస్తున్నారు. ఆయనకి తవ్విన సమాధి సరిగ్గా వెనక వరసలోనే ఉంది. అడుగుల చప్పుడు దగ్గరికొచ్చేసింది.

"ఇప్పుడు అరిస్తే పరువు పోతుంది. వాళ్ళు వెళ్ళేదాకా ఊపిరి బిగబట్టుకుని పడుకో" అంది పెద్దకోడలు గుసగుసగా.

ఎన్నో ఏళ్ళ తర్వాత తోడికోడళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడ్డారు. కాకపోతే పడుకుని నిలబడ్డారు.

జనం వచ్చి ఆగారు. మట్టిగట్టు అడ్డం, వీళ్ళిద్దరూ ఎవరికీ కనపడలేదు. పాట ఆగింది. కుర్ర పాస్టరుగారి గొంతు ఖంగుమంది. గొడుగులాయన మంచితనం గురించి చెప్పాడు. వానలో తడిసినవాళ్ళ గొడుగు ఎప్పుడూ ఆలస్యం చెయ్యకుండా ఇచ్చేవాడన్నాడు. యేసుప్రభువు సమాధిని గెలిచి లేచాడు గనక ఈయనా లేస్తాడన్నాడు. తర్వాత గొంతు ఇంకా పెంచి, "ఈ నేలలో నిద్రపోతున్నవాళ్ళందరూ ఆయన పిలుపు వింటారు! విని..." అని ఆగాడు.

సరిగ్గా అప్పుడే శవపేటిక మీది పూల వాసన గాలికి గోతిలోకి దిగింది. పెద్దకోడలు ముక్కు పట్టుకుంది. పెదాలు కొరుక్కుంది. ప్రార్థన చేసింది. ఆగలేదు.

నేలలోంచి పెద్ద తుమ్ము వచ్చింది.

జనం కొయ్యబారిపోయారు. పాస్టరుగారి నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. రెండో తుమ్ము వచ్చింది. మూడో తుమ్ముకి చిన్నకోడలు ఆపుకోలేక కిసుక్కుమంది. ఆ కిసుక్కు నవ్వై, ఆ నవ్వు పెద్దదై, ఇక దాచడం వల్ల లాభం లేదని ఇద్దరూ మధ్యనున్న కట్ట మీదుగా ఒకరి చేతులొకరు పట్టుకుని గుంజుకున్నారు. ఇటు గుంజితే అది లేచింది, అటు గుంజితే ఇది లేచింది. మట్టిగట్టు మీదుగా రెండు తెల్లటి తలలు, జుట్టు నిండా మన్నుతో మెల్లగా పైకొచ్చాయి.

చూసినవాళ్ళ పైప్రాణాలు పైనే పోయాయి. ఒక్కసారిగా కేకలు. పెట్టె దింపబోతున్నవాళ్ళు దాన్ని తాళ్ళతో సహా గట్టున వదిలేసి గేటు వైపు పరుగు తీశారు. కొందరు మోకాళ్ళ మీద పడ్డారు. చర్చి పెద్ద ఒకాయన చేతులెత్తి, "ప్రభువా, ఇన్నేళ్ళూ నేను చర్చిలో పాటలు పాడలేదు, పెదాలు మాత్రమే కదిపాను, క్షమించు!" అని గొంతెత్తి ఒప్పుకున్నాడు. ఆయన పక్కనే ఉన్న భార్య, "నాకు తెలుసులెండి" అంది. పాస్టరుగారు మాత్రం పరిగెత్తలేదు. పరిగెత్తడానికి కాళ్ళు కదలలేదని తర్వాత ఒప్పుకున్నాడు. తాను చెప్పిన మాట ఇంత త్వరగా జరుగుతుందని ఆయన అనుకోలేదు.

ఆ గందరగోళంలో చిన్నకోడలు నవ్వీ నవ్వీ ఉక్కిరిబిక్కిరైంది. ఆవిడ నోట్లోంచి పై వరస పళ్ళు ఊడి మట్టిలో పడ్డాయి. పెద్దకోడలు వాటిని తీసింది. కొంగుతో తుడిచి వెలుతురికి పెట్టి చూసింది. చుట్టూ లోకం తలకిందులవుతున్నా ఆవిడకి ఏమీ పట్టలేదు.

"ఎవడు కట్టాడే ఇది?" అంది. గొంతులో నిజమైన కోపం. "ఇదీ ఒక పళ్ళ సెట్టేనా? వెనక దంతాలు కరవనే కరవవు. ఈ అంచు చూడు, చిగుళ్ళు కోసుకుపోవూ? దీంతోనా నువ్వు అన్నం తింటున్నావు?"

"తినట్లేదు, మింగుతున్నాను" అంది చిన్నకోడలు పళ్ళు లేని నోటితో. "నీ దగ్గరికి రాలేక బస్సెక్కి పొరుగూరు పోయి కట్టించుకున్నాను."

పెద్దకోడలు ఏదో అనబోయింది. అప్పుడు ఎదురుగా నిలబడ్డ మనిషి కనపడింది. గొడుగులాయన భార్య. అందరూ పరిగెత్తినా ఆవిడ పరిగెత్తలేదు. ఆవిడకి వీళ్ళెవరో తెలుసు, వీళ్ళు చచ్చిపోలేదనీ తెలుసు. అయినా రెండు చేతులూ గుండె మీద పెట్టుకుని, ఒకసారి వీళ్ళ వైపూ ఒకసారి గట్టున ఉన్న పెట్టె వైపూ చూస్తోంది.

"మా ఆయన కూడా ఇవాళ లేస్తాడా అమ్మా?" అంది.

లేవడం గురించి పెద్దకోడలు ఎన్ని మాట్లాడింది! ఎవరు కుడివైపు, ఎవరు ఎడమవైపు, ఎవరి మోచెయ్యి ఎవరికి తగులుతుంది, ముఖం ఎటు ఉంటుంది. ఒక్కసారైనా ఇలా అడగలేదు. నా మనిషి లేస్తాడా అని అడగలేదు. అడిగితే ఎవరేమంటారోనని భయపడిందేమో.

"ఇవాళ కాదమ్మా" అంది చివరికి. "మేము లేవలేదు, ఇరుక్కుపోయాం, అంతే. మమ్మల్ని చూసి ఆశ పెట్టుకోకు. కాని లేస్తాడు. లేచిన ప్రభువు ఉన్నాడు, ఆయన వదిలెయ్యడు. మీ ఆయనా లేస్తాడు, మా ఆయనా లేస్తాడు."

ఆ మాట పాస్టరుగారి మాటలా బయటికి రాలేదు. ఆవిడ కడుపులోంచి వచ్చింది. అన్నాక ఆవిడే ఆశ్చర్యపోయింది. ఇది నేను నమ్ముతున్నానన్నమాట, అనుకుంది.

గొడుగులాయన భార్య తల ఊపింది. తర్వాత చెయ్యి చాపి ముందు పెద్దకోడల్ని, తర్వాత చిన్నకోడల్ని గోతిలోంచి పైకి లాగింది. బక్కపలచటి మనిషి, అంత బలం ఎక్కడిదో.

పారిపోయినవాళ్ళు ఒక్కొక్కరే సిగ్గుపడుతూ వెనక్కొచ్చారు. పాస్టరుగారు పుస్తకం దుమ్ము దులుపుకుని ఆగినచోటి నుంచి మొదలుపెట్టాడు. తోడికోడళ్ళిద్దరూ మన్నుకొట్టుకున్న చీరలతో గొడుగులాయన భార్యకి చెరోపక్కా నిలబడ్డారు. పెద్దకోడలు మధ్యమధ్యలో తుమ్ముతూనే ఉంది. ఈసారి ఎవరూ వేడినీళ్ళు తాగమనలేదు.

ఆ వారంలోనే చిన్నకోడలు పళ్ళ దుకాణానికొచ్చింది. రమ్మని పెద్దకోడలే కబురు పెట్టింది. కబురు కూడా తీపిగా లేదు: "ఆ దిక్కుమాలిన పళ్ళతో వీధిలో తిరగొద్దు, మా వృత్తి పరువు పోతుంది." పాత కుర్చీలో కూర్చోబెట్టి, మెడ చుట్టూ గుడ్డ కట్టి, అచ్చు తీసే గులాబీ రంగు ముద్ద కలిపి, ట్రేలో పరిచి నోట్లో పెట్టి అదిమింది. అచ్చు గట్టిపడేదాకా కదలకూడదు, మాట్లాడకూడదు. చిన్నకోడలు నోరు తెరుచుకుని కళ్ళు మిటకరిస్తూ కూర్చుంది. పెద్దకోడలు ట్రే కదలకుండా వేళ్ళతో పట్టుకుని ఎదురుగా నిలబడింది.

ఇంత దగ్గరగా, ఇంత నిశ్శబ్దంగా చిన్నకోడలు దొరకడం జీవితంలో అదే మొదటిసారి. అందుకే ఆ మాట బయటికొచ్చేసింది.

"మావారు పోయిన రోజున నా కంటే ఎక్కువ ఎందుకేడ్చావు?"

"ఊఁ" అంది చిన్నకోడలు.

"కదలకు. నేనేమీ దెబ్బలాడ్డం లేదు. అడుగుతున్నాను. నాకు ఏడుపు రాలేదే. ఆ మనిషి చేతిలోంచి పడిన పళ్ళు సగంలో ఉండిపోయాయి. ఆయన పడుకుని ఉన్న గదికి పక్క గదిలో కూర్చుని నేను ఆ పళ్ళు పూర్తి చేశాను. ఎందుకు చేశానో తెలీదు. పూర్తి చేస్తే లేచి చూస్తాడనుకున్నానేమో. తర్వాత చర్చికొస్తే తుమ్ములు. నువ్వు చూస్తే ఆ ఏడుపు, ఆ పాట. అందరూ నీ మొగుడే పోయాడనుకున్నారు. నాది అని చెప్పుకోవడానికి నాకు ఏడుపు కూడా మిగల్లేదు."

"ఊఁ ఊఁ ఊఁ!" అంది చిన్నకోడలు, రెండు చేతులూ ఊపుతూ.

"ఆగు, అచ్చు చెడిపోతుంది."

అచ్చు గట్టిపడింది. పెద్దకోడలు ట్రే లాగింది. చప్పుమని ఊడొచ్చింది. చిన్నకోడలు గడ్డం మీద గులాబీ ముద్ద అంటుకుని ఉండగానే ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

"పన్ను నొప్పి అక్కా!"

"ఏంటి?"

"ఆ రోజు నాకు పన్ను నొప్పి. వెనకది, జ్ఞానదంతం. మూడు రోజుల నుంచీ తల పగిలిపోతోంది. బావగారు ఆ వారంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నారు. ఇంతలో ఆయనే పోయారు. పళ్ళు కట్టేవాళ్ళింట్లోంచి శవం లేస్తుంటే నాకు పన్ను నొప్పని ఎవరికి చెప్పుకోను? పంటి బిగువున ఓర్చుకుందామంటే ఆ పన్నే నొప్పాయె!"

"మరి పాటెందుకు పాడావు?"

"నోరు తెరిస్తే గాలి తగిలి కాస్త హాయిగా ఉండేది."

పెద్దకోడలు ట్రే బల్ల మీద పెట్టింది.

"నువ్వేమైనా అనుకుంటావని, ఏడ్చింది బావగారి కోసమేనన్నట్టు ఊరుకున్నాను" అంది చిన్నకోడలు, తల వంచుకుని. "ఆయన కోసం కూడా ఏడ్చానక్కా. అబద్ధమెందుకూ, ఒక పావు వంతు ఉంటుంది."

ముందు పెద్దకోడలికి నవ్వొచ్చింది. స్టూలు మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగా ఎక్కడ మారిందో తెలీదు, అది ఏడుపైంది. ఇన్నేళ్ళూ రాని ఏడుపు, ఎవరికీ వినపడని చిన్న ఏడుపు కాదు, దారినపోయేవాళ్ళు ఆగి చూసే ఏడుపు. ఆయన మెరుగు పెడుతూ ఈల వేసేవాడని ఏడ్చింది. ఆయన పోయిన పూట తను చారులో ఉప్పు మర్చిపోయిందని, ఆయన ఏమీ అనకుండా తాగాడని ఏడ్చింది. చిన్నకోడలు ఈసారి పోటీకి రాలేదు. గడ్డం కూడా తుడుచుకోకుండా పక్కన కూర్చుని, ఆవిడ వీపు నిమురుతూ ఉండిపోయింది.

కన్నీళ్ళు తగ్గాక పెద్దకోడలు ఆ పాత కోపం కోసం లోపల వెతుక్కుంది. తీసేస్తే తానేమైపోతుందోనని భయపడిన కోపం. అది ఉండాల్సిన చోట లేదు. ఎప్పుడు పోయిందో, ఎవరు తీశారో తెలీదు. నిజంగానే తనని అడక్కుండా పోయింది. తను మాత్రం ఉంది. ఒళ్ళంతా తేలిగ్గా, కొంచెం వింతగా ఉంది, అంతే.

"సరే, రేపు రా. మైనంతో వరస పెట్టి చూస్తాను" అంది ముక్కు తుడుచుకుంటూ.

కొత్త పళ్ళు బ్రహ్మాండంగా కుదిరాయి. వాటితో పాటు చిన్నకోడలు కూడా దుకాణంలో కుదిరిపోయింది. తన పని ముగించుకుని రోజూ మధ్యాహ్నానికి వచ్చేసేది. వచ్చి వాగుతూనే ఉండేది. ఒకరోజు పెద్దకోడలు బజారుకెళ్ళి వచ్చేసరికి దుకాణం కిటికీలకి దళసరి ఆకుపచ్చ తెరలు వేలాడుతున్నాయి. అడక్కుండా కుట్టి తెచ్చి తగిలించేసింది. పళ్ళ రంగు సరిచూసుకోవడానికి పెద్దకోడలికి ఉన్నది ఆ కిటికీ వెలుతురొక్కటే.

"ఎవరు కట్టమన్నారే నిన్ను? నా బల్ల మీద చీకటి చేశావు! ఇందులో తెల్ల పన్నుకీ పచ్చ పన్నుకీ తేడా ఎలా తెలుస్తుంది?" అని ఒంటికాలి మీద లేచింది.

"బాగుంటుందని కుట్టాను. నీ ముఖానికి మంచి తెర కూడా ఎక్కువే" అని చిన్నకోడలు సంచీ భుజాన వేసుకుని విసవిసా వెళ్ళిపోయింది.

పెద్దకోడలు పళ్ళు నూరుతూ పనికి కూర్చుంది. ఒక పన్ను అతికించింది. ఇంకో పన్ను అతికించింది. మూడోది వంకరగా వచ్చింది. మళ్ళీ కోపం, మళ్ళీ అదే మనిషి మీద! కొత్త మనిషినయ్యాననుకుంటే ఈ నోరెక్కడిది? ప్రభువా, ఇదేమిటి, మళ్ళీ మొదటికొచ్చానా అని గట్టిగానే అడిగింది. జవాబేమీ వినపడలేదు గాని కూర్చోవడం చేతకాలేదు. పనిముట్లు పక్కన పెట్టి, తలుపు దగ్గరగా వేసి, వీధి ఆ చివరికి నడిచింది.

సగం దూరంలో చిన్నకోడలు ఎదురొచ్చింది. చేతిలో కత్తెర ఉంది.

"పొడిచేద్దామనా?" అంది పెద్దకోడలు.

"తెరలు సగానికి కత్తిరించి కిందకి దింపి కడదామని. పైన వెలుతురొస్తుంది, కింద ఎండ పడదు" అంది చిన్నకోడలు. "నువ్వెక్కడికి?"

"నీ దగ్గరికే. నోరు జారాను, ఏమీ అనుకోకు."

"నేనూ జారాను. పళ్ళు కొత్తవి కదా, నోరు ఇంకా అలవాటు పడలేదు."

ఇద్దరూ కలిసి వెనక్కి నడిచారు. దుకాణం మెట్ల మీద గొడుగులాయన భార్య కూర్చుని ఉంది. ఈ మధ్య సాయంత్రాలు ఇంట్లో ఒక్కతే ఉండలేక ఇటే వస్తోంది. ముగ్గురూ లోపలికెళ్ళారు. చిన్నకోడలు స్టూలెక్కి తెర కత్తిరిస్తుంటే, పడిపోకుండా పెద్దకోడలు ఆవిడ నడుం పట్టుకుని, "వంకరగా పోతోంది, వంకరగా పోతోంది" అని చెబుతూనే ఉంది. గొడుగులాయన భార్య కింద నిలబడి, రాలిన గుడ్డముక్కలు ఏరుతూ నవ్వుతోంది.